అబ్బాజాన్‌కు పైపు తప్పదా?

ఏ మస్జిద్‌లో చూసినా ముందు వరుసలో కూర్చునే పెద్దవాళ్లు నలుగురైదుగురు ఉంటారు. అజాన్‌కు ముందే వచ్చి, తమ చోటులో తాము కూర్చుని తస్బీహ్ తిప్పుకుంటూ ఉంటారు. వారిలో ఒకాయన ఒక జుమాకు రారు. మరుసటి జుమాకూ కనిపించరు. అడిగితే ఇంట్లోవాళ్లు 'తబియత్ బాగాలేదు' అంటారు. మోకాళ్ల నొప్పులనో, షుగర్ అనో చెబుతారు. అసలు కారణం చాలాసార్లు వేరే ఉంటుంది. ఆయనకు మూత్రం ఆగడం లేదు. వుజూ చేసుకుని లేచేలోపే రెండు చుక్కలు లుంగీ మీద పడుతున్నాయి. రుకూలోకి వంగితే మరో రెండు. బట్టలు నాపాక్ అయ్యాయన్న దిగులు ఒక పక్క, పక్కన నిలబడ్డవారికి వాసన వస్తుందేమోనన్న సిగ్గు మరో పక్క. ఈ మాట కొడుకుతో చెప్పలేరు, కోడలితో అసలే చెప్పలేరు. ఇంట్లోనే ఓ మూల మంచం వేయించుకుని కూర్చుంటారు.

ఇక పక్షవాతం వచ్చి మంచాన పడ్డ పెద్దాయన సంగతి వేరు. రోజుకు నాలుగైదుసార్లు పక్కబట్టలు మార్చి, ఉతికి, ఆరేసి ఇంట్లో ఆడవాళ్లు అలిసిపోతారు. 'ఓ పైపు వేయించండి, అందరికీ సుఖం' అని ఎవరో సలహా ఇస్తారు. వీధి చివరనున్న ఆర్‌ఎంపీ డాక్టర్ వచ్చి గొట్టం వేసి, మంచం కోడుకు సంచి తగిలించి వెళ్తాడు. పక్క పొడిగా ఉంటుంది. పెద్దాయన మాత్రం ఆ రోజు నుంచి మంచం దిగరు.

ఇంట్లోవాళ్లను ఇక్కడ తప్పుపట్టడానికి లేదు. వారికి వేరే దారి ఉందని చెప్పినవారు లేరు. ఆ దారి ఏమిటో చెప్పడానికే ఈ వ్యాసం. సిగ్గుపడాల్సిన సంగతిని ఇంటిల్లిపాదీ చదివే పేజీలో రాయడమేమిటని ఎవరికైనా అనిపించవచ్చు. తహారత్ గురించి మన మతగ్రంథాలు ఇంతకంటే విడమరిచే చెప్పాయి.

పైపు తెచ్చే చిక్కులు

ఇప్పుడు అందరూ వాడుతున్న బెలూన్ గొట్టానికి 'ఫోలీ కేథెటర్' అని పేరు. 1930వ దశకంలో ఫ్రెడరిక్ ఫోలీ అనే అమెరికన్ యూరాలజిస్టు దీన్ని రూపొందించాడు. మూత్రాశయంలోకి వెళ్లాక చివరనున్న బుడగలో నీళ్లు నింపుతారు. దాంతో గొట్టం జారిపోకుండా ఉంటుంది. ఆపరేషన్ సమయంలోనూ, మూత్రం పూర్తిగా బంద్ అయినప్పుడూ ఇది ప్రాణం కాపాడే సాధనమే. సందేహం లేదు.

చిక్కల్లా దాన్ని నెలల తరబడి లోపలే ఉంచేయడంలో ఉంది. గొట్టం లోపల ఉన్న ఒక్కో రోజుకూ 100 మందిలో 3 నుంచి 7 మందికి కొత్తగా మూత్రంలో బ్యాక్టీరియా చేరుతుందని వైద్యుల లెక్క. నెల తిరిగేసరికి దాదాపు అందరికీ చేరుతుంది. అందరికీ జబ్బు చేయదు గానీ, చేసినవారికి చలిజ్వరం, మగత, తికమక మాటలు వస్తాయి. ముసలివారిలో అది రక్తంలోకి పాకితే ప్రాణం మీదికి వస్తుంది. గొట్టానికి గార పట్టి మూసుకుపోవడం, పక్క నుంచి కారడం, మూత్రనాళంలో పుండు పడటం, నిద్రమత్తులో పెద్దాయనే దాన్ని లాగేసుకుని రక్తం కారడం కూడా ఉన్నాయి. మతిమరుపు ఉన్నవారు లాగుతారేమోనని చేతులు మంచానికి కట్టేసిన ఇళ్లు కూడా లేకపోలేదు.

అందుకే అమెరికా ప్రభుత్వ వ్యాధి నివారణ సంస్థ 2009లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఆస్పత్రుల్లో గానీ వృద్ధాశ్రమాల్లో గానీ మూత్రం ఆగడం లేదన్న ఒక్క కారణంతో లోపలి గొట్టం వేయడం మానాలని చెప్పింది. మూత్రం అడ్డుపడే జబ్బు లేని మగవారికి, వారు సహకరిస్తే, పైనుంచి తొడిగే సాధనాన్ని పరిశీలించమంది. దాని గురించి తర్వాత చెప్పుకుందాం.

ముందు కారణం తెలియాలి

'ముసలితనం, ఇంతే' అని సరిపెట్టుకోవడం మనకు అలవాటు. మూత్రం ఆగకపోవడం వయసుతో పాటు తప్పనిసరిగా వచ్చేది కాదు. షుగర్ ఎక్కువైతే మూత్రం ఎక్కువై, తరచూ వస్తుంది. మలబద్ధకం ఉంటే నిండిన పేగు మూత్రాశయాన్ని నొక్కుతుంది. చాలా ఇళ్లలో నాలుగు రోజులుగా విరేచనం కాని పెద్దాయనకు మూత్రం మందులు తెస్తుంటారు. బీపీకి వేసే కొన్ని మాత్రలు మూత్రం ఎక్కువ వచ్చేట్టు చేస్తాయి. అవి పొద్దున వేసుకోవాల్సింది పొద్దుగూకాక వేసుకుంటే రాత్రంతా జాగారమే. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో డాక్టర్‌ను ఒక్క మాట అడిగితే తీరే కష్టం ఇది. రంజాన్‌లో వేళలు మారుతాయి కనుక ఉపవాసాలకు ముందే అడగడం మంచిది.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం పనికిరాదు. కొందరికి మూత్రం ఆగక కారడం లేదు, నిండి పొర్లుతోంది. ప్రోస్టేట్ గ్రంథి పెరిగి దారి మూసుకుపోతే లోపల మూత్రం నిలిచిపోయి, నిండిన కుండలోంచి పొర్లినట్టు చుక్కలు చుక్కలుగా వస్తుంది. పైకి ఇది కూడా 'ఆగడం లేదు' లాగానే కనిపిస్తుంది. పొత్తికడుపు గట్టిగా ఉబ్బి ఉండటం, ధార సన్నబడటం, ముక్కితే గానీ రాకపోవడం దీనికి గుర్తులు. ఇలాంటివారికి బట్టలు, తొడుగులు పెట్టి కూర్చుంటే కిడ్నీలు పాడవుతాయి. వీరికి గొట్టమో, మందులో, ఆపరేషనో కావాలి. మూత్రం పోసిన తర్వాత లోపల ఎంత మిగిలిందో స్కానింగ్‌లో తెలుస్తుంది. ఆదిలాబాద్‌లో 2008లో రిమ్స్ వచ్చింది. అయినా ఈ జబ్బుకు నాగ్‌పూర్ పోవాలా, హైదరాబాద్ పోవాలా అని నెలల తరబడి ఆలోచించేవారు ఉన్నారు. ఆ ఆలోచన తర్వాత చేయవచ్చు. ఈ పరీక్ష ముందు చేయించాలి.

మరో పొరపాటు నీళ్లు తగ్గించడం. ఆదిలాబాద్ ఎండలు తెలిసినవే. మూత్రం వస్తుందని భయపడి పెద్దవాళ్లు ఎండాకాలంలో కూడా గుక్కెడు నీళ్లతో రోజు గడిపేస్తారు. దాంతో మూత్రం చిక్కబడి, మంటపుట్టి, మూత్రాశయాన్ని మరింత తొందరపెడుతుంది. మలబద్ధకమూ పెరుగుతుంది. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల డాక్టర్ వద్దన్నవారు తప్ప మిగిలినవారు రోజుకు లీటరున్నర దాకా తాగాలి. అయితే అందులో ఎక్కువ భాగం పగలే తాగేసి, మగ్రిబ్ తర్వాత తగ్గించాలి. తగ్గించాల్సింది నీళ్లు కాదు, చాయ్. కాళ్లు వాచే అలవాటున్నవారు మధ్యాహ్నం ఓ గంట కాళ్లు ఎత్తు మీద పెట్టుకుని పడుకుంటే ఆ నీరు రాత్రికి కాకుండా సాయంత్రానికే దిగిపోతుంది.

అజాన్ చెప్పే వేళలు

మందు లేని వైద్యాల్లో అన్నిటికంటే పనికొచ్చేది వేళకు మూత్రానికి తీసుకెళ్లడం. అర్జెంటుగా వచ్చే దాకా ఆగకుండా, వచ్చే ముందే వెళ్లాలి. పాశ్చాత్య దేశాల వృద్ధాశ్రమాల్లో రెండు గంటలకోసారి 'వెళ్తారా?' అని అడిగి తీసుకెళ్లే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. మతిమరుపు ఉన్నవారిలో కూడా కొందరికి దీంతో తడి తగ్గింది. గడియారం చూస్తూ గుర్తుపెట్టుకోవడం కష్టమంటారు. మన ఇళ్లలో ఆ కష్టం సగమే. అయిదు పూటలా అజాన్ ఎలాగూ వినిపిస్తుంది.

ఫజర్‌కు లేవగానే ఒకసారి. జుహర్ ముందు ఒకసారి. తర్వాత అస్ర్, మగ్రిబ్, ఇషా. పడుకునే ముందు మరోసారి. ఇందులో ఫజర్‌కూ జుహర్‌కూ మధ్య ఆరేడు గంటల ఖాళీ ఉంది కనుక అక్కడ రెండుసార్లు కలపాలి. పొద్దున చాయ్ రొట్టె అయ్యాక ఒకటి, పదకొండు గంటలకు ఒకటి. జుహర్‌కూ అస్ర్‌కూ మధ్య ఇంకొకటి. మొత్తం తొమ్మిదిసార్లు అవుతుంది. మొదట మూడు రోజులు ఓ కాగితం మీద ఎప్పుడు తడిశారో, ఎప్పుడు పొడిగా ఉన్నారో రాసుకోండి. చదువుకునే మనవడికి ఈ పని అప్పగిస్తే చక్కగా చేస్తాడు. మూడు రోజుల్లో ఆ పెద్దాయన లెక్క ఏమిటో తెలిసిపోతుంది. అస్ర్ తర్వాతే ఎక్కువగా తడుస్తున్నారంటే, ఆ అరగంట ముందు తీసుకెళ్తే సరి. ఆ కాగితమే డాక్టర్‌కు కూడా చూపించాలి. సగం రోగనిర్ధారణ అందులోనే ఉంటుంది.

తీసుకెళ్లడానికి దారి ఉండాలి కదా! పాత ఇళ్లలో పాయఖానా వెనక పెరట్లో ఉంటుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఆదిలాబాద్ చలి పది డిగ్రీల లోపుకు పోతుంది. ఆ చలిలో ముసలాయన కర్ర పట్టుకుని గడపలు దాటి వెళ్లేసరికి దారిలోనే అయిపోతుంది, లేదా పడి తుంటి విరుగుతుంది. మంచం పక్కనే మూత్రం పట్టే డబ్బా పెట్టండి. మగవారికి మెడ ఉన్న ప్లాస్టిక్ డబ్బాలు మందుల దుకాణాల్లో దొరుకుతాయి. కూర్చోగలిగినవారికి మధ్యలో రంధ్రం ఉన్న కమోడ్ కుర్చీ మేలు. మగవారు కూర్చుని మూత్రం పోయడం మన సంప్రదాయంలో ఎలాగూ ఉంది. ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవారు కూర్చుని పోస్తే లోపల మిగిలేది తగ్గుతుందని నెదర్లాండ్స్‌లోని లైడెన్ వైద్యులు 2014లో పాత పరిశోధనలను కలిపి చూసి చెప్పారు. బొత్తాల ప్యాంటు, ముడివేసే పైజామా బొందు ఈ వయసులో శత్రువులు. లుంగీ లేదా ఎలాస్టిక్ పైజామా చాలు.

మూత్రం పోసి లేచాక రెండు చుక్కలు పడటం చాలామందిని వేధించే సంగతి. ఇది పెద్ద జబ్బు కాదు. మూత్రనాళం వంపులో కాసింత మిగిలిపోతుంది. వృషణాల వెనక భాగంలో వేళ్లతో మెల్లగా నొక్కి ముందుకు తెస్తే అది బయటికి వచ్చేస్తుంది. ఆ తర్వాత కడుక్కోవాలి. ఇస్తిబ్రా అని మనవాళ్లు చేసేది కూడా ఇందుకే. దగ్గడం, నాలుగడుగులు నడవడం వరకు సరే. అరగంట గుసల్‌ఖానాలో నిలబడి అనుమానంతో మళ్లీ మళ్లీ కడుక్కోవడం మాత్రం వస్వసా.

బలం ఉన్నవారికి మరో అభ్యాసం ఉంది. అపానవాయువును ఆపుకున్నట్టు కింది కండరాలను బిగించి అయిదు లెక్కపెట్టి వదలాలి. అంతసేపు విశ్రాంతి ఇచ్చి మళ్లీ బిగించాలి. ఇలా పదిసార్లు, రోజుకు మూడు పూటలు. ప్రోస్టేట్ ఆపరేషన్ అయినవారికి ఇది బాగా చెబుతారు. ఫలితం రెండు మూడు నెలలకు గానీ కనబడదు. నమాజ్ అయ్యాక కూర్చున్న చోటనే చేసుకోవచ్చు, పక్కవారికి తెలియదు.

బట్ట, డైపర్, తొడుగు

ఇంత చేసినా కొంత తడి తప్పదు. చుక్కలు మాత్రమే పడేవారికి పాత నూలు లుంగీ ముక్కలు నాలుగు మడతలు వేసి లోపల పెట్టుకుంటే చాలు. దానికి మార్చుకునేందుకు మరో నాలుగు ముక్కలు. పత్తి పండే జిల్లా కదా అని కొందరు వట్టి దూదిని కుక్కుతారు. అది తడిసి ముద్దయి ఒంటికి అంటుకుంటుంది. బట్ట మధ్యలో పెట్టి కుట్టాలి. ఎక్కువగా పోయేవారికి పెద్దల డైపర్లు ఉన్నాయి. ఖర్చు ఎక్కువ కనుక చాలా ఇళ్లలో రాత్రికే వాడుతున్నారు. తప్పు లేదు. అయితే ఒకే డైపర్‌ను రోజంతా ఉంచితే చర్మం ఎర్రబడి ఊడుతుంది. మార్చిన ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి, రుద్దకుండా అద్ది, ఆరాక పలచగా వాజెలిన్ లేదా జింక్ ఆయింట్‌మెంట్ రాయాలి. పౌడర్ చల్లితే గడ్డలు కడుతుంది.

ఇక పైన చెప్పిన తొడుగు. దుకాణాల్లో 'కండోమ్ కేథెటర్' అని అడిగితే ఇస్తారు. పేరు విని మొహం తిప్పుకోకండి, ఇది రోగి సాధనం. రబ్బరు లేదా సిలికాన్ తొడుగును పైనుంచి తొడిగి, దాని చివరి గొట్టాన్ని తొడకు కట్టే సంచికి కలుపుతారు. శరీరం లోపలికి ఏదీ పోదు. అమెరికాలో మాజీ సైనికుల ఆస్పత్రిలో 75 మంది మగవారిని రెండు గుంపులు చేసి చూసిన అధ్యయనం 2006లో వెలువడింది. మూత్రంలో బ్యాక్టీరియా, ఇన్ఫెక్షన్, మరణం కలిపి లెక్కిస్తే లోపలి గొట్టం వేసినవారి కంటే తొడుగు వాడినవారిలో అవి తక్కువ. మతిమరుపు జబ్బు లేనివారిలో ఈ తేడా ఎక్కువగా కనబడింది. నొప్పి కూడా తక్కువని వారే చెప్పారు.

వాడే పద్ధతి తెలియకపోతే ఇదీ ప్రమాదమే. కొలత సరిగ్గా ఉండాలి, వదులైతే ఊడుతుంది, బిగుతైతే పుండు పడుతుంది. కడిగి పూర్తిగా ఆరాకే తొడగాలి. కొస దగ్గర వేలెడు వెడల్పు ఖాళీ వదలాలి. రోజుకోసారి తీసి కడిగి చర్మం చూడాలి. అన్నిటికంటే ముఖ్యమైనది, ఊడకుండా ఉండాలని చుట్టూ మామూలు ప్లాస్టర్‌ను గుండ్రంగా బిగించి చుట్టకూడదు. రక్తం ఆగి అవయవం నల్లబడుతుంది. మామూలు కండోమ్‌కు సెలైన్ గొట్టం కట్టి, ప్లాస్టర్ చుట్టే నాటు పద్ధతి కొన్నిచోట్ల ఇంకా ఉంది. స్పర్శ లేని పక్షవాతం రోగి నొప్పి అని చెప్పలేడు. వాపు, రంగు మార్పు కనబడితే వెంటనే తీసేయాలి.

వెన్నుపూస దెబ్బతిని మూత్రం తనంతట రానివారికి మూడో మార్గం ఉంది. రోజుకు నాలుగైదుసార్లు శుభ్రమైన చేతులతో సన్నని గొట్టం పెట్టి ఖాళీ చేసి, వెంటనే తీసేయడం. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యుడు జాక్ లాపిడెస్ 1972లో దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. నర్సు దగ్గర నేర్చుకుంటే రోగే చేసుకోగలడు.

నమాజ్ మాటేమిటి?

పెద్దాయన అసలు దిగులు ఇదే కనుక దీని గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. మూత్రం ఆగని ఈ స్థితికి అరబ్బీలో 'సలసుల్ బౌల్' అని పేరు. దివ్య ఖురాన్‌ను గ్రంథంగా కూర్చిన మహనీయుడు జైద్ బిన్ సాబిత్ (రజి) గురించి ఆయన కుమారుడు ఖారిజా చెప్పిన సంగతి హదీసు గ్రంథాల్లో ఉంది. వృద్ధాప్యంలో ఆయనకు ఈ జబ్బు వచ్చింది. చేతనైనంత వరకు చికిత్స చేసుకునేవారు. అప్పటికీ ఆగకపోతే వుజూ చేసుకుని నమాజ్ చదివేవారు. అంతటి సహాబీకి వచ్చిన జబ్బుకు మన ముహల్లాలోని పెద్దాయన సిగ్గుపడటం ఎందుకు?

ఆగకుండా రక్తస్రావం అవుతున్న ఫాతిమా బిన్తె అబీ హుబైష్ (రజి) అనే మహిళను దైవప్రవక్త ముహమ్మద్ (స) నమాజ్ మానమనలేదు. ప్రతి నమాజ్‌కూ వుజూ చేసుకోమన్నారు. దాన్ని ఆధారం చేసుకునే ఫిఖ్‌హ్ పండితులు మూత్రం ఆగనివారికీ నియమం చెప్పారు. మనవైపు ఎక్కువమంది అనుసరించే హనఫీ మస్లక్ ప్రకారం, ఒక నమాజ్ వేళ మొత్తంలో వుజూ చేసుకుని ఫర్జ్ చదివేంత వ్యవధి కూడా చుక్కలు పడకుండా దొరకకపోతే ఆ వ్యక్తి మాజూర్ అవుతాడు. ఆ తర్వాత ప్రతి వేళలో ఒక్కసారైనా ఆ ఇబ్బంది ఉన్నంతకాలం మాజూర్‌గానే ఉంటాడు. వేళ వచ్చాక ఒక్క వుజూ చేసుకుంటే ఆ వేళ ముగిసే దాకా ఫర్జ్, సున్నత్, నఫిల్ అన్నీ చదువుకోవచ్చు. ఆ చుక్కల వల్ల వుజూ పోదు. గాలిపోవడం లాంటి వేరే కారణం వస్తే పోతుంది. వేళ దాటితే మళ్లీ చేసుకోవాలి. నిలబడితే కారి, కూర్చుంటే ఆగేవారు కూర్చునే చదవాలి. బట్టతో ఆపగలిగితే ఆపాలి. ఎప్పుడో ఒకసారి చుక్క పడేవారు మాజూర్ కారు. వారు ఆగే దాకా చూసి, కడుక్కుని, వుజూ చేసుకోవాలి. బట్టల విషయంలో, సంచితో మస్జిద్‌కు వెళ్లే విషయంలో ఎవరి పరిస్థితి వారిది కనుక ముఫ్తీ సాహెబ్‌ను అడిగి తెలుసుకోవాలి. కొడుకు వెళ్లి అడిగినా సరిపోతుంది.

మస్జిద్ కమిటీలకు ఒక మాట. మస్జిదె నబవీలో ఒక ఎడారి అరబ్బు ఓ మూల కూర్చుని మూత్రం పోస్తుంటే సహాబాలు కేకలేశారు. ప్రవక్త (స) వారిని ఆపి, అతణ్ణి ముగించనిచ్చి, ఆ చోట నీళ్లు పోయించారు. ఈ సంగతి జుమా బయానుల్లో మనం వింటూనే ఉంటాం. మన మస్జిద్‌లకు రంగులు వేయిస్తున్నాం, ఏసీలు పెట్టిస్తున్నాం. వుజూఖానా పక్కన పట్టుకునే కడ్డీతో ఒక్క కమోడ్ ఎన్ని మస్జిద్‌లలో ఉంది?

ఎవరు చూసుకోవాలి?

ఈ సేవలో సతర్ సమస్య ఉంది. భార్య ఉంటే చిక్కు లేదు. ఆమె కూడా ముసలిదైతే ఆ భారం కోడలి మీద పడుతోంది. మామగారికీ నరకం, కోడలికీ నరకం. కడగడం, తొడుగు తొడగడం కొడుకులు, మనవళ్లు నేర్చుకోవాలి. పెద్దాయన చేయి పనిచేస్తుంటే ఆయనకే నేర్పాలి. తప్పనిసరి పరిస్థితిలో వేరేవారు చేయవచ్చని ఫిఖ్‌హ్ చెబుతుంది గానీ, ఇంట్లో మగపిల్లలుండగా అది తప్పనిసరి ఎలా అవుతుంది?

నేర్పేవారు ఎక్కడున్నారంటే, కేరళలోని కోజికోడ్‌లో 1993లో మొదలైన పాలియేటివ్ క్లినిక్ నుంచి ఇంటింటికీ నర్సులు వెళ్లి కుటుంబానికి సేవ నేర్పే పద్ధతి ఆ రాష్ట్రమంతా పాకింది. మలప్పురం జిల్లా ముస్లిం యువకులు ఇందులో వాలంటీర్లుగా ఎంతో చేశారు. 2008లో అక్కడి ప్రభుత్వం దీన్ని విధానంగా ప్రకటించింది. తెలంగాణలోనూ జిల్లాల్లో పాలియేటివ్ కేంద్రాలు ప్రారంభించి, ఇంటికి వచ్చే సేవకు 'ఆలన' అని పేరు పెట్టారు. మంచాన పడ్డవారి కోసం ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్, ఎక్కడివారైనా ముందు తమ ప్రభుత్వ దవాఖానాలో ఈ సేవ గురించి అడగాలి. ఆశా కార్యకర్తకు చెప్పినా దారి చూపుతుంది.

ఇప్పటికే పైపు ఉంటే

దాన్ని ఇంట్లో ఎవరూ లాగకూడదు. లోపల నీళ్లు నిండిన బుడగ ఉంటుంది. ఎందుకు వేశారు, ఎప్పుడు తీయాలి అన్న రెండు ప్రశ్నలు డాక్టర్‌ను అడగండి. మూత్రం బంద్ అయినందుకు కాకుండా పక్క తడుస్తోందని మాత్రమే వేసి ఉంటే, తీసి చూడమని కోరండి. పొద్దున తీయించడం మేలు, దవాఖానా తెరిచి ఉంటుంది. ఆ రోజు నీళ్లు మామూలుగా తాగించాలి. డబ్బా మంచం పక్కన పెట్టి, మూత్రం ఎన్నిసార్లు, సుమారు ఎంత పోశారో రాసుకోవాలి. మొదటి రెండు రోజులు మంట, తొందర ఉండవచ్చు. ఆరు గంటలు గడిచినా మూత్రం రాకపోయినా, పొత్తికడుపు ఉబ్బి నొప్పి పెట్టినా, చలిజ్వరం వచ్చినా అస్ర్ దాకా ఆగకుండా మళ్లీ తీసుకెళ్లాలి.